కిటికీలో పెట్టిన బొమ్మ

ఓరిన్ వేసిన బొమ్మ బోస్టన్ నుంచి మళ్లీ తిరిగొచ్చింది.

గోనెపట్టా విప్పి చూసుకున్నాడు. ఊళ్లోని జడ్జిగారు నల్లకోటు తొడుక్కుని, లావుపాటి పుస్తకం మీద చెయ్యి ఆనించి కూర్చున్న బొమ్మ. పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ప్రదర్శన పెట్టేవాళ్లు కారణం ఏమీ చెప్పలేదు. కానీ దాన్ని తిరిగి తెచ్చిన బండివాడు అక్కడ చెవిన పడ్డ మాటని కడుపులో దాచుకోలేకపోయాడు.

"కోటు బాగుందట. చేతులు కూడా బాగున్నాయట. కోటులో మనిషి లేడన్నారు."

కిందటేడు కూడా ఇంచుమించు ఇదే మాట వచ్చింది. ఓరిన్ ఆ బొమ్మని గోడవైపు తిప్పి పెట్టేసి, గురువుగారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

గురువు పేరు జబెజ్ థాక్స్‌టర్. అమెరికాలో ఇంకా రైళ్లు రాని రోజుల్లో ఆయన కుర్రవాడు. ఒక గుర్రబ్బండిలో చుట్టచుట్టిన కాన్వాసులూ రంగుల సంచులూ వేసుకుని ఊరూరా తిరిగేవాడు. రైతులు, సత్రాలు నడిపేవాళ్లు, ఓడల కెప్టెన్లు, వాళ్ల భార్యలు ఆయన ముందు కూర్చునేవారు. బొమ్మ పూర్తయ్యేదాకా వాళ్లింట్లోనే తిండి, వాళ్ల వంటింట్లోనే పడక. ఒక్కోసారి ఫలానా ఇంట్లో పిల్ల పోయిందని కబురొచ్చేది. శవపేటిక మూసేలోపు వెళ్లి ఆ ముఖాన్ని కాన్వాసు మీదికి ఎక్కించి వచ్చేవాడు. అలాంటి బొమ్మల్లో పిల్లల కళ్లు తెరిచే ఉండేవి.

తర్వాత బోస్టన్ చేరాడు. వ్యాపారుల్ని వేశాడు, గవర్నర్లని వేశాడు. ఆయన ఇంటి ముందు పొద్దున్నుంచీ బళ్లు ఆగి ఉండేవి. అంతలో కెమెరా వచ్చింది. దాని ముందు కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు, పలక మీద మనిషి తేలిపోతాడు. బళ్లన్నీ పక్క వీధికి మళ్లాయి. థాక్స్‌టర్ ఎవర్నీ ఏమీ అనలేదు. ఇల్లు ఖాళీ చేసి, కనెక్టికట్ నది ఒడ్డున ఎల్మ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరికి వచ్చి, గుర్రాల జీన్లు కుట్టే ఎలీహు గేజ్ దుకాణం మీద బొమ్మలు వేసుకోవడానికి మేడగది తీసుకున్నాడు. ఇప్పుడు ముసలివాడు. కళ్లకి మసక కమ్మింది. ఏ బొమ్మనైనా ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లి చూస్తాడు. మాట్లాడేది తక్కువ.

ఓరిన్ బార్ట్‌లెట్ బళ్లు తయారుచేసేవాడి కొడుకు. తండ్రి చేసిన బళ్ల తలుపుల మీద లతలూ పూలూ వేసేవాడు. ఒకరోజు థాక్స్‌టర్ దారినపోతూ ఒక బండి తలుపు దగ్గర ఆగి, ఒక ఆకుని చాలాసేపు చూసి, "నాతో వస్తావా?" అని అడిగాడు. అంతే, ఓరిన్ ఆయన వెంట వచ్చేశాడు. ఆయన నేర్పింది చేత్తోనే. నోటితో నేర్పింది చాలా కొంచెం.

"గురువుగారూ," అన్నాడు ఓరిన్. "పోలిక నాకు వచ్చు. జడ్జిగారి కుక్క కూడా ఆ బొమ్మని చూసి తోక ఊపింది. ఇంకేం తక్కువైంది?"

థాక్స్‌టర్ రాతి పలక మీద తెల్లరంగు నూరుతున్నాడు. అవిసె నూనె ఇంకో చుక్క వేసుకున్నాడు.

"నీకు ఎవర్ని వెయ్యాలని ఉంది?" అన్నాడు.

"పేరున్నవాళ్లనే. వాళ్లని వేస్తేనే కదా పైకొచ్చేది."

"నేనడిగింది అది కాదు."

ఆయన మళ్లీ నూరడంలో పడ్డాడు. ఓరిన్ కాసేపు నిలబడి కిందికి దిగిపోయాడు. మనసులో చిరాకు. ముసలాయన కాలం అయిపోయింది కాబట్టి ఇలా అంటున్నాడనుకున్నాడు.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం డోర్కస్ ఆ మేడమెట్లు ఎక్కింది.

డోర్కస్ నల్లజాతి మనిషి. నలభై దాటి ఉంటాయి. చర్చి వెనక సందులో ఒక చిన్న గదిలో ఉంటూ చొక్కాలూ గౌన్లూ కుట్టేది. ఆమె కుట్టు ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. బానిసత్వం లేని ఫిలడెల్ఫియా నుంచి అనుకునేవారు. ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజు మేడగది కిటికీలకి కొత్త తెరలు కుట్టి తెచ్చింది.

కుర్చీ ఎక్కి తెర తగిలిస్తూ, ఎండ ముఖం మీద పడితే పక్కకి తిరిగింది. ఓరిన్ చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది.

ఆ ముఖంలో ఏముందో అడిగితే అతను చెప్పలేడు. అందం అని కాదు. చాలా చూసి, చూసినదంతా లోపలే పెట్టుకున్న ముఖం. గురువుగారి ప్రశ్నకి జవాబు అప్పుడు దొరికింది అతనికి.

"డోర్కస్, నీ బొమ్మ వేస్తాను. కూర్చుంటావా?"

ఆమె నవ్వింది. "నా బొమ్మ ఎవరికయ్యా?" అని దిగి వెళ్లిపోయింది.

తర్వాతి వారం చొక్కాలు ఇవ్వడానికి వస్తే మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె నవ్వలేదు. "వద్దండి," అంది.

మూడోసారి అడిగినప్పుడు గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించింది. "మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు," అంది ఉన్నట్టుండి. "ఆమె బొమ్మ ఎవరూ వెయ్యలేదు. నా తర్వాత నా ముఖం కూడా అంతేగా." మళ్లీ ఆగి అడిగింది. "వేస్తే, ఆ బొమ్మ ఈ గదిలోనే ఉంటుందా?"

"ఇక్కడే ఉంటుంది," అన్నాడు ఓరిన్.

"బయటికి పోదుగా?"

"పోదు. మాటిస్తున్నాను."

ఆమె థాక్స్‌టర్ వైపు చూసింది. ఆయన లేచి, గవర్నర్లని కూర్చోబెట్టిన పాత చేతుల కుర్చీని వెలుతురులోకి లాగి, దాని దుమ్ము తన చేతిరుమాలుతో తుడిచాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు.

ఆదివారాలు చర్చి అయ్యాక ఆమె వచ్చేది. తనే కుట్టుకున్న ముదురు ఆకుపచ్చ గౌను వేసుకునేది. చేతులు ఒడిలో పెట్టుకుని నిటారుగా కూర్చునేది. మొదటి రోజుల్లో బాగా బిగుసుకుపోయేది. కింద గేజ్ దుకాణంలో ఎవరైనా తలుపు తోస్తే ఉలిక్కిపడేది. నెమ్మదిగా అలవాటైంది. ఒక్కోసారి గొంతులో ఏదో పాట కూనిరాగం తీసేది. తీస్తున్నట్టు తనకే తెలియదు. ఓరిన్ ఆ పాటని ఆపకుండా వేసుకుపోయేవాడు.

ఆమె ఎడమ కనుబొమ మీద ఏటవాలుగా చిన్న మచ్చ ఉంది. పాత గాయం. అతను అక్కడికి వచ్చేసరికి ఆమె గమనించింది.

"అది కూడా వేస్తారా?"

"వెయ్యాలి. అది లేకపోతే నువ్వు కావు."

ఆ రోజు పాట లేదు.

ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో వాషింగ్టన్‌లో కొత్త చట్టం చేశారు. దక్షిణాది తోటల్లో బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చినవాళ్లు ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కడున్నా సరే, ఎన్నేళ్లయినా సరే, పట్టుకుపోవచ్చు. పట్టుకునేవాళ్లకి ఊళ్లోవాళ్లు సాయం చెయ్యాలి. అడ్డుపడితే జైలు. ఓరిన్ పేపర్లో అది చదివాడు. అన్యాయం అనుకున్నాడు. పేపరు మడిచి, దానితోనే కుంచెలు తుడుచుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం డోర్కస్ కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగింది. "ఓరిన్ గారూ, బొమ్మ ఈ గదిలోనే కదా?"

"ఇక్కడే, ఇక్కడే. కొంచెం గడ్డం ఎత్తు," అన్నాడు ఓరిన్. అతనికి అప్పుడు ఆమె కింది పెదవి నీడ తప్ప ఇంకేం పట్టలేదు.

బొమ్మ పూర్తయింది. ఆమెకి ఇంకా చూపించలేదు. పూర్తయ్యేదాకా చూపించకపోవడం ఆ గదిలో పద్ధతి. చివరి చుక్క వెలుగు కంటిపాపలో పెట్టి ఓరిన్ వెనక్కి జరిగాడు. కుర్చీలో మనిషి ఉంది. ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు లేచి ఏదో అనబోతున్నట్టుంది.

థాక్స్‌టర్ దగ్గరికి వచ్చి, ఎప్పట్లాగే ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, గౌను నుంచి మొదలుపెట్టి పైకి చూసుకుంటూ వెళ్లాడు. ముఖం దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. ఓరిన్ మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"ఆమె చూసిందా?" అన్నాడు థాక్స్‌టర్.

"ఇంకా లేదు."

"చూపించు," అని ఆయన కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆయనకి దగ్గు పట్టుకుంది. ఆ వారమంతా ఇంట్లో మంచం దిగలేదు. మేడగదిలో ఓరిన్ ఒక్కడే ఉన్నాడు, ఎదురుగా ఆ బొమ్మ. చూసినకొద్దీ గర్వం పెరిగింది. కోటులో మనిషి లేడన్నవాళ్లు దీన్ని చూడాలి. బోస్టన్ ప్రదర్శనకి గడువు ఇంకా ఉంది. మాట ఇచ్చిన సంగతి గుర్తుకు రాకపోలేదు. ఇంత బాగా వచ్చిందని తెలిస్తే ఆమే పంపమంటుందని సర్దిచెప్పుకున్నాడు. పైగా ఆమె బొమ్మే కదా, ఆమెకీ గొప్పేగా.

ఫ్రేము కట్టేలోపు కింద గేజ్ దుకాణం కిటికీలో పెట్టాడు. జీన్లకీ కళ్లేలకీ మధ్య డోర్కస్ కూర్చుంది, వీధిలోకి చూస్తూ.

జనం ఆగి చూశారు. ఆ ఊళ్లో కెమెరా పెట్టుకున్న అతను కూడా తన కొట్టు మూసి మరీ వచ్చి, టోపీ తీసి చూసి వెళ్లాడు. ఓరిన్ మేడమీద కిటికీ తెర పక్కన నిలబడి అదంతా చూస్తూ ఉండేవాడు. తిండి కూడా సరిగ్గా తినలేదు, ఆనందంతో.

డోర్కస్ ఆ వీధిలోకి రాలేదు. కుట్టు పని ఎక్కువైందేమో అనుకున్నాడు.

థాక్స్‌టర్ కాస్త కోలుకుని మేడ ఎక్కి వచ్చిన రోజునే గేజ్ కూడా పైకి వచ్చాడు. గేజ్ మామూలుగా మెట్లెక్కే మనిషి కాదు. మోకాళ్ల నొప్పులు. ఎక్కేసరికి ముఖం ఎర్రబడి ఉంది.

"కింద ఒకాయన వచ్చాడు," అన్నాడు. "బొమ్మ అమ్ముతారా అని అడిగాడు. ఎంతైనా ఇస్తాడట."

ఓరిన్ ఎగిరి లేచాడు. "నిజంగానా? ఎవరాయన?"

"ఈ ఊరివాడు కాదు. ఈ ప్రాంతం వాడే కాదు, మాట దక్షిణాది మాట." గేజ్ గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "ఓరిన్, బొమ్మలు చూసేవాళ్లు కొంచెం వెనక్కి జరిగి చూస్తారు. నేను వారం నుంచీ చూస్తున్నాగా. ఇతను వెనక్కి జరగలేదు. అద్దానికి ముఖం ఆనించి, ఆ కనుబొమ ఒక్కటే చూశాడు. తర్వాత ఈవిడ ఎక్కడుంటుందని అడిగాడు. నాకు తెలీదన్నాను. బొమ్మ కోసం రేపు పొద్దున వస్తానని సత్రానికి వెళ్లాడు."

ఓరిన్‌కి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక గవర్నర్ల కుర్చీలోనే కూలబడ్డాడు.

"కిటికీలో ఎవరు పెట్టారు?" అన్నాడు థాక్స్‌టర్.

"నేనే."

ఆయన గేజ్ వైపు తిరిగాడు. "మీ ఆవిణ్ణి పంపి డోర్కస్‌ని రమ్మనండి. పెరటి మెట్ల మీదుగా. బొమ్మని ముందు పైకి తెండి."

బొమ్మ పైకి వచ్చింది. స్టాండు మీద పెట్టారు. ఓరిన్ తిరిగి లేచి గదిలో అటూ ఇటూ నడిచాడు.

"అమ్మం. అంతేగా? లేదని చెప్పేద్దాం. దాచేద్దాం. మా నాన్న బళ్ల షెడ్డులో అటక మీద పెడతాను, ఎవరికీ తెలీదు. లేదంటే ఆ మచ్చ ఒక్కటీ కప్పేస్తాను, గురువుగారూ. చిన్న మచ్చ. రెండు పూతల్లో పోతుంది."

థాక్స్‌టర్ స్టాండు పక్కన బల్ల మీద వస్తువులు సర్దుతున్నాడు.

డోర్కస్ వచ్చింది. భుజాన మూట ఉంది. ప్రయాణానికి వేసుకునే మందపాటి శాలువా కప్పుకుంది. గేజ్ భార్య చెప్పకముందే ఆమెకి తెలుసు. కిటికీలో తన బొమ్మ ఉందని విన్న రోజే మూట కట్టుకుంది. ఒప్పుకున్న గౌన్లు పూర్తిచేసి ఇచ్చేసి వెళదామని ఆగింది.

గదిలోకి వస్తూనే ఆమె చూపు బొమ్మ మీద పడింది. అదే మొదటిసారి చూడడం.

దగ్గరికి వెళ్లింది. వెనక్కి జరిగింది. మళ్లీ దగ్గరికి వెళ్లింది. బయట వీధిలో ఏదో బండి వెళ్లిన చప్పుడు వినిపించి ఆగిపోయింది. ఆమె తల తిప్పలేదు.

"ఈవిడ ఎవరికీ భయపడేలా లేదు," అంది చివరికి.

"అది నువ్వే," అన్నాడు ఓరిన్. "డోర్కస్, నేను కావాలని... నాకు తెలీదు. నువ్వు ఫిలడెల్ఫియా అని..."

ఆమె అతని వైపు చూసింది. కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"దాన్ని దాచేస్తాను," అన్నాడు. "ఎవరికీ దొరకని చోట."

"ఈ గదిలోనే ఉంటుందన్నారు, ఓరిన్ గారూ," అంది డోర్కస్.

అప్పుడు థాక్స్‌టర్ ముందుకు వచ్చాడు. ఆయన చేతిలో రంగులు గీకే కత్తి ఉంది. పాతది, అంచు అరిగి పలచబడ్డది. పిడి ఆమె వైపు తిప్పి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.

"ఇది మీదమ్మా," అన్నాడు.

ఏది ఆమెదో, కత్తో బొమ్మో, ఆయన చెప్పలేదు. ఆమె కత్తి తీసుకుంది.

"వద్దు!" అన్నాడు ఓరిన్. అడ్డం వెళ్లబోయి ఆగిపోయాడు. ముసలాయన అతన్ని పట్టుకోలేదు, మసక కళ్లతో ఊరికే చూశాడంతే.

డోర్కస్ కత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పింది. బొమ్మ వైపు చూసింది. తన ముఖానికి ఎదురుగా తన ముఖం. చెయ్యి ఎత్తింది, మళ్లీ దించింది. తర్వాత వెనక్కి తిరిగి ఆ కత్తిని ఓరిన్ చేతిలో పెట్టింది.

"వేసింది మీరు," అంది.

వెళ్లి గవర్నర్ల కుర్చీలో కూర్చుంది. నిటారుగా, చేతులు ఒడిలో పెట్టుకుని, బొమ్మ వేస్తున్నప్పుడు ఎలా కూర్చునేదో అలాగే.

ఓరిన్ చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ బతిమాలలేదు. కింద గేజ్ బండికి గుర్రాన్ని కడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మొదట కంటిపాపలో వెలుగు తీశాడు. చివర పెట్టింది అదే కాబట్టి అదే ముందు వచ్చింది. తర్వాత కింది పెదవి నీడ. చెంప మీది ఎండ. ఏ పూత మీద ఏ పూత వేశాడో అతనికి తెలుసు, చెయ్యి అదే దారిలో వెనక్కి నడిచింది. పై పూతలు ఇంకా గట్టిపడలేదు, మెత్తగా ముద్దలు ముద్దలుగా కత్తికి చుట్టుకున్నాయి. అడుగు పూతలు పెచ్చులుగా లేచాయి. మచ్చ దగ్గర ఆగాడు. ఆమె వైపు చూశాడు. ఆమె కూడా చూస్తోంది. మచ్చ తీసేశాడు.

గుడ్డ కనిపించేదాకా గీకాడు. ఆకుపచ్చ గౌను, దాని కుట్టు, ఒడిలో చేతులు, చేతుల కుర్చీ అన్నీ ఉన్నాయి. మెడ పైన ఏమీ లేదు.

డోర్కస్ లేచి మూట తీసుకుంది. థాక్స్‌టర్ గుమ్మం దాకా వెళ్లి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె ఆయనకి చెయ్యి అందించింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని వదిలాడు.

ఓరిన్ కత్తి పట్టుకుని అక్కడే ఉన్నాడు. "మీరు..." అని మొదలుపెట్టాడు. అంతవరకూ అతను ఆమెని మీరు అనలేదు. "మీరు జాగ్రత్త," అన్నాడు.

ఆమె తల ఊపి మెట్లు దిగింది. జీన్ల మూటల మధ్య కూర్చోబెట్టి, పైన పట్టా కప్పి, గేజ్ ఆమెని ఉత్తరం దారి పట్టించాడు. అటువైపు ఎప్పుడూ సరుకు తీసుకెళ్లేవాడే, ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు పొద్దున ఆ మనిషి వచ్చాడు. మంచి కోటు, మంచి బూట్లు. మర్యాదగా టోపీ తీశాడు.

"కిటికీలో ఒక నల్లావిడ బొమ్మ చూశాను. నాకు చాలా నచ్చింది. కొందామని వచ్చాను."

థాక్స్‌టర్ స్టాండు వైపు చెయ్యి చూపించాడు. అతను వెళ్లి చూశాడు. నవ్వు పోయింది.

"ముఖం ఏమైంది?"

"నాకు చూపు ఆనదు," అన్నాడు థాక్స్‌టర్. "వేసింది ఇతను."

ఇద్దరూ ఓరిన్ వైపు తిరిగారు. ఓరిన్‌కి ఆ బొమ్మ గురించి ఎవరైనా అడగాలని, తను చెప్పాలని ఎన్ని మాటలు పోగుచేసుకున్నాడో అవన్నీ గుర్తొచ్చాయి.

"పోలిక కుదరలేదు," అన్నాడు. "గీకేశాను."

"ఎవరి పోలిక?"

"ఎవరిదీ కాదు. ఊహించి వేశాను. నాకింకా ముఖాలు పట్టుబడలేదు. బోస్టన్‌లో అడగండి, ఎవరైనా చెబుతారు."

ఆ మనిషి గీకిన చోట వేలు పెట్టి చూశాడు. వేలికి అంటిన రంగుని బొటనవేలితో రుద్దాడు. "నిన్న మాత్రం ప్రాణమున్నట్టే ఉంది," అన్నాడు. ఓరిన్ జీవితంలో విన్న మొదటి నిజమైన మెప్పు అదే. తల దించుకుని విన్నాడు.

ఆ మనిషి కొన్నాళ్లు ఊళ్లో తిరిగాడు. చర్చి వెనక గది చూపించినవాళ్లు చూపించారు, అది ఖాళీ. ఉత్తరం దారిలో సత్రాల్లో కూడా అడిగాడట. నల్లావిడ, నలభై ఏళ్లు, కనుబొమ మీద మచ్చ అని చెబితే, అలాంటివాళ్లు ఎంతమందో అన్నారట సత్రాలవాళ్లు. చూపించడానికి చేతిలో ఏమీ లేక వెనక్కి తిరిగాడు.

బోస్టన్ గడువు దాటిపోయింది. చలికాలమంతా ఓరిన్ ముఖం అనేది వెయ్యలేదు. కోట్లు వేశాడు, కుర్చీలు వేశాడు, గురువుగారికి రంగులు నూరి పెట్టాడు. థాక్స్‌టర్ అతన్ని వెయ్యమనలేదు. ముఖం లేని ఆ కాన్వాసుని తియ్యమని కూడా అనలేదు.

నది మీద మంచు కరిగాక ఒక పాస్టరు ఉత్తరం వైపు నుంచి వస్తూ గేజ్ దుకాణంలో ఆగాడు. డోర్కస్ సరిహద్దు దాటిందట. ఆ చట్టం చెల్లని కెనడాలో ఒక ఊళ్లో కుట్టుపని చేసుకుంటోందట. అక్కడ ఆదివారాలు చర్చిలో పాడుతుందట కూడా.

గేజ్ ఆ కబురు మెట్ల కిందినుంచే కేకేసి చెప్పాడు. ఓరిన్ గట్టిగా నవ్వేశాడు. ఎన్నో నెలల తర్వాత ఆ గదిలో నవ్వు. గబగబా కిటికీ తెరిచాడు, చల్లగాలి లోపలికి వచ్చింది. అలా నవ్వుతూనే స్టాండు దగ్గరికి వెళ్లాడు. ఆకుపచ్చ గౌను, ఒడిలో చేతులు. నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

థాక్స్‌టర్ కిటికీ పక్కన కూర్చుని కుంచెలు కడుగుతున్నాడు.

"గురువుగారూ," అన్నాడు ఓరిన్, వెనక్కి తిరక్కుండానే. "ఆమె బాగుందంటే సంతోషమే. నిజంగానే సంతోషం. కానీ నా జన్మకి నేను వేసిన ముఖం అదొక్కటే."

థాక్స్‌టర్ కుంచె వెంట్రుకల్ని వేళ్లతో పిండి, మొన సరిచేశాడు.

"ఆమెకున్నదీ అదొక్కటే," అన్నాడు.